మరలివచ్చిన జట్టు – ఫ్రాంక్ వారెల్ జీవితగాథ

1961వ సంవత్సరం ఫిబ్రవరి 1వ తేదీ. దక్షిణ ఆస్ట్రేలియా ముఖ్యపట్టణమైన అడిలైడ్‌లో వెస్టిండీస్, ఆస్ట్రేలియా జట్ల మధ్య నాలుగవ టెస్టు చివరి దినపు ఆట సాగుతున్నది. ఆస్ట్రేలియాకు తొమ్మిది వికెట్లు పడిపోయాయి. గెలవాలంటే 460 పరుగులు కావలసియుండగా 207 మాత్రమే వచ్చాయి గనుక గెలుపు మాట వారు ఎప్పుడో విడిచిపెట్టారు. ఓడిపోకుండా సాయంకాలం వరకు నిలబడగలిగితే అదే పదివేలు. చివరి ఆటగాడు లిండ్సే క్లైన్ బ్యాటు పట్టుకొని వచ్చాడు. అతడు బౌలరుగా జట్టులో చేరినవాడు. ఆనాడు లోపలికి రాకముందు నెట్సులో అభ్యాసానికి నిలబడితే సహచరుల బంతులకే మాటిమాటికి అవుటయ్యాడని చెప్పుకుంటారు. రెండవ వైపున కెన్ మెకే ఉన్నాడు. ఇంకా గంటన్నరకు పైగా ఆట మిగిలియున్నది. వెస్టిండీస్‌కు కావలసినది ఒక్క వికెట్టు.

ఆ వికెట్టు దొరికినట్టే కనబడింది. వెస్టిండీస్ నాయకుడు ఫ్రాంక్ వారెల్ తానే బంతి వేశాడు. మెకే బ్యాటును తాకి లేచిన బంతిని, అతనికి కొద్ది గజాల దూరాన సిల్లీ మిడాఫ్‌లో వంగి నిలచియున్న గార్ఫీల్డ్ సోబర్స్ ఒడిసిపట్టాడు. క్యాచ్ అని అందరూ కేక వేశారు. ఆట ముగిసిందనే సంతోషంతో వెస్టిండీస్ ఆటగాళ్లు పెవిలియన్ వైపు నడక సాగించారు. మెకే మాత్రం ఉన్నచోటు విడువలేదు. అంపైరు కోల్ ఈగర్ అవుటు కాదని తీర్పు చెప్పాడు. బంతి బ్యాటును తాకిన పిదప నేలను తాకి పైకి లేచినదని ఆయన నిర్ణయం.

నడచిపోతున్నవారు మరలివచ్చారు. ఎవరి స్థానంలో వారు నిలచారు. వారెల్ బంతి తీసుకొని తరువాతి బంతి వేశాడు.

ఆ తరువాతి బంతి వేసిన మనిషి కథ ఇది.

బార్బడోస్ ఒక చిన్న దీవి. పొడవు ఇరవైయొక్క మైళ్లు, వెడల్పు పదునాలుగు మైళ్లు. చెరకు తోటల కొరకు ఆఫ్రికా నుండి బానిసలుగా తేబడినవారి సంతతివారే అక్కడి ప్రజలలో అత్యధికులు. 1924 ఆగస్టు 1వ తేదీన ఫ్రాంక్ మోర్టిమర్ మాగ్లిన్ వారెల్ ఆ దీవిలో, బ్రిడ్జ్‌టౌన్ నగరపు పొలిమేరలోని బ్యాంక్ హాల్ అనుచోట జన్మించాడు. తల్లిదండ్రులు బ్రతుకుతెరువు వెదకుకొంటూ అమెరికా వెళ్లగా నాయనమ్మ దగ్గర పెరిగాడు. ఇంటికి ఎదుటనే క్రికెట్టు మైదానం ఉండేది. అతనితో పాటు ఆ ఊళ్లోనే, పద్దెనిమిది నెలల వ్యవధిలో, ఎవర్టన్ వీక్స్, క్లైడ్ వాల్కాట్ కూడ పుట్టారు. ముగ్గురినీ భూమిమీదికి తెచ్చిన మంత్రసాని ఒక్కతే అని ఆ దీవిలో ఒక ముచ్చట ఉన్నది. తరువాతి కాలంలో లోకం ఈ ముగ్గురిని కలిపి పిలిచేది. వారిలో వారెల్ ఆటయే మిక్కిలి సుకుమారమైనదని చూచినవారు చెప్పేవారు. బంతిని కొట్టినట్టుండదు, దారి చూపి పంపినట్టుండేది.

పదునేడేండ్లకే బార్బడోస్ జట్టులో చేరాడు. మొదట ఎడమచేతి బౌలరు. త్వరలోనే బ్యాటుతో పేరు తెచ్చుకున్నాడు. 1943-44లో ట్రినిడాడ్ మీద 308 పరుగులు చేసి అవుటు కాకుండా నిలచాడు. ఇంత చేసినవానిని సొంత దీవి నెత్తిన పెట్టుకోవలసినది. అట్లు జరుగలేదు. గర్విష్ఠి అని అతనికి పేరు పెట్టారు. నల్లవాడు తల ఎత్తుకొని నడచి, తన మనస్సులోని మాట తిన్నగా చెప్పితే ఆ కాలంలో పెద్దలకు అది గర్వంగానే తోచేది. ఆ పేరు భరించలేక 1947లో జమైకాకు వెళ్లి స్థిరపడ్డాడు. 1948లో ఇంగ్లండు మీద తొలి టెస్టు ఆడి 97 పరుగులు చేశాడు. ఆ సంవత్సరపు చివరిలో వెస్టిండీస్ జట్టు మొదటిసారిగా భారతదేశానికి వచ్చింది. అందులో వారెల్ లేడు. ఆటగాళ్లకు ఇచ్చే సొమ్ము విషయంలో బోర్డుతో భేదించాడు. తాను అడిగినది న్యాయమని తోచినందున తగ్గలేదు. వారూ తగ్గలేదు.

ఈ సంగతి ఇక్కడ చెప్పుటకు కారణమున్నది. అడిలైడ్‌లో మారుమాట లేక తీర్పుకు లోబడిన మనిషిని తలచుకొన్నప్పుడు, ఆయన స్వభావమే మెతక అనుకొనే ప్రమాదమున్నది. వారెల్ మెతకవాడు కాడు. కూలి విషయంలో, గౌరవం విషయంలో, తన జాతికి జరిగే అన్యాయం విషయంలో పెద్దలనెదిరించి నష్టపోయాడు. ఎక్కడ నోరు తెరవవలెనో ఎక్కడ మూసికొనవలెనో అనే వివేచన కొందరికే ఉంటుంది. తనకు లాభమున్నచోట మాట్లాడి, పొరుగువానికి అన్యాయం జరిగినచోట మౌనం వహించుట మనలో ఎక్కువమంది చేసే పని. ఆయన వరుస వేరు.

భారతదేశానికి ఆయన మరియొక దారిన వచ్చాడు. 1949-50లో కామన్వెల్త్ జట్టు అనే పేరుతో వివిధ దేశాల ఆటగాళ్లు మన దేశంలో పర్యటించారు. వారితో వచ్చిన వారెల్ కాన్పూరులో 223 పరుగులు చేసి అజేయుడుగా నిలచాడు. మరుసటి సంవత్సరం మరల వచ్చాడు. ఈ రెండవ పర్యటనలో నాయకుడు లెస్లీ ఏమ్స్ అస్వస్థతవలన ఆడలేని ఆటలలో నాయకత్వం వారెల్ చేతికి వచ్చింది. ఇంగ్లండు, ఆస్ట్రేలియా దేశాల తెల్లవారు కూడ ఉన్న జట్టును ఒక నల్లవాడు నడిపించాడు. ఆయన స్వదేశంలో అది ఊహకైనా అందని సంగతి. 1948లో జార్జ్ హెడ్లీ ఒకే ఒక టెస్టుకు నాయకుడుగా ఉండుట తప్ప, వెస్టిండీస్ నాయకత్వం తెల్లవారి పరంపరగానే సాగింది. నల్లవారు పరుగులు చేయవచ్చు, వికెట్లు తీయవచ్చు. నడిపించుట వారికి చేతకాదని ఒక నమ్మకం. వారెల్ 1950లో ఇంగ్లండులో ఆడిన నాలుగు టెస్టులలో 539 పరుగులు చేసి, నాటింగ్‌హామ్‌లో ఒక్క ఇన్నింగ్సులో 261 సాధించినా ఆ నమ్మకం చెక్కుచెదరలేదు.

ఆయన తొందరపడలేదు. లంకాషైర్‌లో రాడ్‌క్లిఫ్ పట్టణపు క్లబ్బు కొరకు ఆడుతూ జీవనం గడుపుకొన్నాడు. ముప్పది దాటిన వయస్సులో మాంచెస్టరు విశ్వవిద్యాలయంలో చేరి, చదువు కొరకు కొన్ని టెస్టు పర్యటనలు మానుకొని పట్టభద్రుడయ్యాడు. ఇంతలో అక్కడ దీవులలో ప్రజల ఓర్పు సన్నగిల్లింది. 1960 జనవరిలో ట్రినిడాడ్ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఇంగ్లండుతో టెస్టు జరుగుచుండగా చరణ్ సింగ్ అనే స్థానిక ఆటగాడిని అంపైరు రనౌటుగా ప్రకటించాడు. మరుక్షణమే సీసాలు మైదానంలోకి వచ్చిపడ్డాయి. జనం విరుచుకుపడ్డారు. ఆనాటి ఆట ఆగిపోయింది. ఆ జట్టులో వారెల్ కూడ ఉన్నాడు. అంపైరు వ్రేలెత్తితే ఎంత దూరం పోవచ్చునో ఆయన కళ్లారా చూచాడు. ఆ సంవత్సరమే సి. ఎల్. ఆర్. జేమ్స్ అనే రచయిత తన పత్రికలో వారెల్‌ను నాయకునిగా నియమించవలెనని పట్టుబట్టి వ్రాశాడు. చివరకు 1960-61 ఆస్ట్రేలియా పర్యటనకు ఆయనను నియమించారు. ఒక పూర్తి టెస్టు పరంపరకు వెస్టిండీస్ నాయకుడైన మొదటి నల్లజాతీయుడు ఆయనయే. అప్పటికి వయస్సు ముప్పదియారు. అంతవరకు నాయకుడుగా ఉన్న తెల్లజాతివాడు జెర్రీ అలెగ్జాండర్ ఆయన క్రింద వికెట్‌కీపరుగా సంతోషంగా ఆడాడు. ఆ పర్యటనలో పరుగుల సగటులో తన జట్టంతటిలో ప్రథముడుగా నిలచాడు. ఇది అలెగ్జాండర్ గొప్పతనం. అతనిని గూర్చి తక్కువ వ్రాయబడింది.

వారెల్ తన జట్టుకు విధించిన నియమాలలో ఒకటి చెప్పుకోదగినది. అంపైరు అవుటన్న తరువాత ఏ ఆటగాడూ అక్కడ నిలబడి ముఖం చిట్లించకూడదు. అంగీకారమో కాదో అనే సూచన కూడ కనబడకుండ నడచిపోవలెను. చదువుటకు ఇది సులభం. దీవులలో సీసాలు విసరిన జనం ఆ సమయంలో రేడియోలకు చెవియొగ్గి వింటున్నారని గుర్తుంచుకొంటే దాని బరువు తెలుస్తుంది. నాయకుడు ఒక్కసారి చేయి విదిలించినా ఆ విదిలింపు వేయి మైళ్ల అవతల రాయియై పడుతుంది.

బ్రిస్బేన్‌లో జరిగిన మొదటి టెస్టు సంగతి లోకమంతటికి తెలుసు. 1960 డిసెంబరు 14వ తేదీ సాయంకాలం, చివరి ఓవరు మొదలయ్యేటప్పటికి ఆస్ట్రేలియాకు ఆరు పరుగులు కావాలి, చేతిలో మూడు వికెట్లున్నాయి. ఆ కాలంలో అక్కడ ఓవరుకు ఎనిమిది బంతులు. వెస్లీ హాల్ వేసిన ఆ ఓవరులో ఒక క్యాచ్ పట్టబడింది, ఒకటి జారిపోయింది, ఇద్దరు రనౌటయ్యారు. చివరివానిని జో సోలమన్ ప్రక్కనుండి ఒకే స్టంపు కనబడుతుండగా గురిచూచి కొట్టాడు. రెండు జట్ల పరుగులు సమానమయ్యాయి. టెస్టు క్రికెట్టు పుట్టినది మొదలు అట్టిది అంతవరకు జరుగలేదు. ఆ గందరగోళంలో ఎవరు గెలిచారో మైదానంలోని ఆటగాళ్లకే కొందరికి తెలియలేదు.

రెండవ టెస్టు మెల్‌బోర్న్‌లో. ఆ సోలమనే బ్యాటింగు చేస్తుండగా తలమీది టోపీ జారి వికెట్టుమీద పడి బెయిల్ రాలింది. అప్పీలు చేశారు. నియమం ప్రకారం అది అవుటే, అంపైరు అవుటిచ్చాడు. ఆస్ట్రేలియా ప్రేక్షకులే తమ నాయకుడు రిచీ బెనోను ఎగతాళిచేస్తూ అరిచారు. వెస్టిండీస్‌వారు ఏమీ అనలేదు. ఆ టెస్టు ఆస్ట్రేలియా గెలిచింది. సిడ్నీలో జరిగిన మూడవది వెస్టిండీస్ గెలిచింది. చెరియొకటి గెలిచి సమానంగా ఉన్న స్థితిలో అడిలైడ్ వచ్చింది.

అడిలైడ్‌లో సోబర్స్ చేతిలో పడిన బంతిని గూర్చి ఇప్పుడు కొంచెం నిదానంగా ఆలోచించవలెను. క్రికెట్టులో క్యాచ్ అనగా బ్యాటును తాకిన బంతి నేలను తాకక ముందే పట్టుట. బంతి బ్యాటు అడుగుభాగాన తగిలి, వెంటనే నేలను గ్రుద్దుకొని, క్షణంలో పైకి లేచినప్పుడు అది నేలను తాకినదో లేదో చెప్పుట బహు కష్టం. బౌలరు వైపున నిలచిన అంపైరుకు ఇరువదిరెండు గజాల దూరం ఉంటుంది. ఒక్కొక్కప్పుడు బౌలరే చూపునకు అడ్డుగా ఉంటాడు. ఫీల్డరు దగ్గరగా ఉంటాడు గాని అతని కన్ను చేతుల్లోకి వస్తున్న బంతిమీద ఉంటుంది, అది ఎక్కడినుండి లేచినదో దానిమీద కాదు. అందుచేతనే ఆ ఆటలో ఒక పాత మర్యాద ఏర్పడింది. సందేహం వచ్చినప్పుడు బ్యాట్స్‌మన్ ఫీల్డరును అడుగుతాడు. పట్టానని అతడు చెప్పితే మరియొక ప్రశ్న లేకుండ నడచిపోతాడు. అబద్ధం చెప్పినవానికి శిక్ష ఏ నియమంలోను వ్రాసిలేదు. అతని మాట మరియొకసారి ఎవరూ నమ్మరు, అంతే.

మన మిషన్ కాంపౌండులలో పిల్లలు ఆడుకొనేటప్పుడు అంపైరు ఎక్కడ? గోడదగ్గర నిలచి పట్టినవాడు పట్టానంటాడు, కొట్టినవాడు నేలకు తగిలిందంటాడు. ఇతర పిల్లలైతే ఒట్టు పెట్టించుకొని సమాధానపడతారు. మన పిల్లలకు ఒట్టు నిషేధం. కాబట్టి వట్టి మాట నమ్మవలసివచ్చేది, లేక ఆట మానుకోవలసివచ్చేది. వట్టి మాటకు అంత విలువ ఉండుట వలననే అబద్ధ సాక్ష్యమును గూర్చిన ఆజ్ఞ పదింటిలో ఒకటిగా చేరినదేమో.

అయితే అడిలైడ్‌లో చిక్కు అబద్ధం కాదు. సోబర్స్ అబద్ధమాడేవాడని ఆనాడుగాని తరువాతగాని ఎవరూ అనలేదు. తాను పట్టినది నిజమైన క్యాచేనని అతడు ఎన్నో యేండ్ల తరువాత కూడ చెప్పుతూనే వచ్చాడు. ఈగర్ తాను చూచినదే చెప్పాడు. మెకే కూడ నేలకు తగిలిందనే నిలచిపోయాడు. ఇద్దరు ముగ్గురు యథార్థవంతులు ఒకే దృశ్యాన్ని చూచి భిన్నంగా సాక్ష్యమిచ్చారు. ఫీల్డరు మాట నమ్ముట మంచిదే, కాని ఆ మాట సత్యసంధుని నోట వచ్చినా పొరపాటు కావచ్చును. నాయకునికి అప్పుడు రెండు భారాలు ఒకేసారి మోయవలసివస్తుంది. తనవాని మాటను త్రోసివేయకూడదు. తీర్పరి మాటను ధిక్కరించకూడదు. వారెల్ సోబర్స్‌ను అనుమానించలేదు. ఈగర్‌ను నిందించలేదు. ఆట సాగించాడు.

ఆ తరువాత జరిగినది వెస్టిండీస్‌వారికి గుండెకోత. మెకేకు అతని జట్టువారు పెట్టిన ముద్దుపేరు స్లాషర్, అనగా విచ్చలవిడిగా కొట్టేవాడని. నత్తనడకన ఆడేవానికి వేళాకోళంగా పెట్టిన పేరది. ఆనాడు అతడు నత్తకంటె మెల్లగా ఆడాడు. నెట్సులో నిలువలేని క్లైన్ మైదానంలో శిలవలె నిలచాడు. ఫీల్డర్లు బ్యాటు చుట్టూ గుమిగూడారు. హాల్, సోబర్స్, గిబ్స్, వాలెంటైన్, వారెల్ అందరూ ప్రయత్నించారు. నిమిషాలు గడిచాయి. చివరి ఓవరు హాల్ వేశాడు. ఆఖరి బంతికి మెకే బ్యాటు అడ్డుపెట్టలేదు. క్యాచ్ వచ్చే అవకాశమైనా ఇవ్వక, దూసుకువచ్చే ఆ బంతిని తన ప్రక్కటెముకలమీదనే తీసుకొన్నాడు. ఆస్ట్రేలియా 9 వికెట్లకు 273. ఆట డ్రా అయ్యింది. అతని దేహంమీద ఆ దెబ్బ గుర్తు కొన్నాళ్లు నిలచియుంటుంది. ధైర్యం ఒక్క జట్టు సొత్తు కాదు.

చివరి టెస్టుకు మరల మెల్‌బోర్న్. రెండవ దినం 90,800 మంది వచ్చారు. అప్పటికి లోకంలో ఏ టెస్టు ఆటకూ ఒక్కనాడు అంతమంది కూడలేదు. ఆస్ట్రేలియాకు గెలుపునకు 258 కావాలి. ఏడు వికెట్లు పడి, ఇంకా నాలుగు పరుగులు ఉన్నాయనగా వాలీ గ్రౌట్ వెనుకకు కోసినట్టు కొట్టి రెండు పరుగులు తీశాడు. వెనుక చూస్తే ఒక బెయిల్ నేలమీద ఉన్నది. వికెట్‌కీపరు అలెగ్జాండర్ దానిని చూపించాడు. బంతి తగిలి రాలినదా? గాలికా? ఈగర్ రెండవ అంపైరుతో సంప్రదించి అవుటు కాదన్నాడు. పరుగులు లెక్కకు వచ్చాయి. కొద్దిసేపటికే గ్రౌట్ గాలిలోకి కొట్టి క్యాచ్ ఇచ్చి వెళ్లిపోయాడు. తెలిసే ఇచ్చాడని అనుకొన్నవారున్నారు. ఆస్ట్రేలియా రెండు వికెట్లతో గెలిచింది.

లెక్క చూడండి. అడిలైడ్‌లో ఆ క్యాచ్ లెక్కకు వచ్చియుంటే గెలుపులు చెరిరెండై పరంపర సమానమయ్యేది. అది రానందున ఆస్ట్రేలియా రెండు, వెస్టిండీస్ ఒకటి. అనగా ఆ ఒక్క బంతి ఖరీదు యావత్తు పరంపర. నల్లవాడు నాయకుడు కాగలడా అని ఎదురుచూస్తున్న జనం ఎదుట, మొదటి పరంపరలోనే ఓటమి పేరు మోయవలసివచ్చింది. సాకు చేతిలో సిద్ధంగా ఉన్నది. ఆయన దానిని వాడుకొనలేదు.

ఆ పరంపరకు గుర్తుగా ఒక బహుమానం తయారుచేయించి దానికి వారెల్ పేరు పెట్టారు. పూర్వం ఆస్ట్రేలియా టెస్టు బౌలరుగా ఉండి నగలపని చేసే ఎర్నీ మెకార్మిక్ దానిని చేశాడు. బ్రిస్బేన్‌లో సమానమైన టెస్టులో వాడిన బంతిని అందులో పొదిగారు. తన పేరుగల ఆ బహుమానాన్ని వారెల్ తన చేతులతోనే, గెలిచిన బెనోకు అందించాడు. వెస్టిండీస్ జట్టు సెలవు తీసుకొనే దినాన మెల్‌బోర్న్ వీధులలో వారిని ఓపెన్ కార్లలో ఊరేగించారు. ఓడిపోయిన జట్టును చూచుటకు లక్షలాది జనం వీధులకిరువైపుల నిలచారు. అప్పటికి తెల్లజాతి కానివారికి వలసవచ్చి స్థిరపడే హక్కు దాదాపు నిరాకరించే దేశమది.

మన దేశంతో ఆయన బంధం 1962లో మరింత గట్టిపడింది. ఆ సంవత్సరం భారత జట్టు వెస్టిండీస్‌లో పర్యటించింది. హైదరాబాదు ఆటగాడు ఎం. ఎల్. జయసింహ కూడ ఆ జట్టులో ఉన్నాడు. మార్చి 17న బార్బడోస్ జట్టుతో ఆడుచుండగా చార్లీ గ్రిఫిత్ వేసిన బంతి భారత నాయకుడు నారీ కాంట్రాక్టర్ తలకు తగిలి పుర్రె పగిలింది. శస్త్రచికిత్సలు జరిగాయి. ప్రాణం దక్కునో లేదో తెలియని స్థితి. రక్తం కావలసివచ్చినప్పుడు చందు బోర్డే, పాలీ ఉమ్రీగర్, బాపూ నాదకర్ణి మొదలైన తోటి ఆటగాళ్లతోపాటు, ముందుగా చేయి చాచినవారిలో ఎదుటి దేశపు నాయకుడు వారెల్ ఉన్నాడు. కాంట్రాక్టర్ బ్రతికాడు. స్వదేశం చేరిన పిదప వేలూరులో అతని పుర్రెకు లోహపు రేకు అమర్చారు. ఆ పరంపరలోని అయిదు టెస్టులనూ వెస్టిండీస్ గెలిచింది. ఆ గెలుపులను తలచుకొనేవారు నేడు కొద్దిమంది.

1963లో ఇంగ్లండులో వారెల్ తన చివరి పరంపర ఆడాడు. లార్డ్స్ మైదానంలో చివరి ఓవరులో ఏ ఫలితమైనా రావచ్చునన్న క్షణాన బంతి ఆయన చేతికి వచ్చింది. ముప్పదియెనిమిదేండ్ల ఆ మనిషి దానిని విసరక, చేతబట్టుకొని షాకిల్టన్‌తో పోటీగా పరుగెత్తి వికెట్టును తానే పడగొట్టాడు. విసిరితే గురి తప్పవచ్చునని ఆ గడబిడలో కూడ ఆలోచించగలిగాడు. ఆ ఆట డ్రా అయినది గాని పరంపరను వెస్టిండీస్ మూడు ఒకటిగా గెలిచింది. ఆయన నాయకత్వాన ఆడిన 15 టెస్టులలో 9 గెలుపులు, 3 ఓటములు, 2 డ్రాలు, ఒకటి సమానం. మొత్తం 51 టెస్టులలో 3,860 పరుగులు, 69 వికెట్లు.

ఆయన నేర్పినది ఆయన తరువాత ఆయన జట్టువారే అన్నివేళల పాటించలేదు. 1980లో న్యూజిలాండులో వెస్టిండీస్ బౌలరు ఒకడు తీర్పు నచ్చక స్టంపులను కాలితో తన్నాడు. ఇతర దేశాలవారు మెరుగుగా లేరు. 1981 ఫిబ్రవరి 1వ తేదీన మెల్‌బోర్న్‌లో న్యూజిలాండు ఫీల్డరు మార్టిన్ స్నెడెన్ ముందుకు దూకి పట్టిన క్యాచ్‌ను ఆస్ట్రేలియా నాయకుడు గ్రెగ్ చాపెల్ అంగీకరించలేదు. అంపైర్లు దానిని సరిగా చూడలేదు. ఫీల్డరు మాటకు విలువ లేకపోయింది. 2008లో సిడ్నీ టెస్టుకు భారత, ఆస్ట్రేలియా నాయకులు ఫీల్డరు మాట నమ్మవలెనని ముందుగానే ఒప్పుకొన్నారు. గంగూలీ క్యాచ్ విషయంలో ఆ ఒప్పందమే కలహానికి కారణమై, ఆ పరంపరలోనే అంతమైంది. 1992 నుండి టెలివిజను చూచి చెప్పే మూడవ అంపైరు వచ్చాడు. అయినను నేలబారు క్యాచ్‌ల విషయంలో చిక్కు పూర్తిగా తీరలేదు. దూరంనుండి తీసిన బొమ్మలో లోతు తెలియదు గనుక, వ్రేళ్లు బంతి క్రింద ఉన్నా గడ్డిని తాకినట్టే కనబడుతుంది.

ఆట మానిన తరువాత వారెల్ వెస్టిండీస్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల వసతిగృహానికి వార్డెనుగా, తరువాత విద్యార్థుల డీనుగా పనిచేశాడు. జమైకా సెనేటు సభ్యుడయ్యాడు. 1964లో ఆయనకు సర్ బిరుదమిచ్చారు. వేరువేరు ద్వీపాల పిల్లలు ఒకరినొకరు అనుమానించకుండ కలసి చదువవలెనని ఆయన తాపత్రయం. సొంత దీవియైన బార్బడోస్‌వారి దురభిమానాన్ని బహిరంగంగా విమర్శించి మరల వారి కోపానికి గురియైనాడు. గర్విష్ఠి అన్న పాత పేరు అక్కడ పూర్తిగా పోలేదు.

1966-67లో వెస్టిండీస్ జట్టుతో కలసి మన దేశానికి వచ్చినప్పుడు ఆయన శరీరంలో రక్తపు క్యాన్సరు ఉన్నట్టు బయటపడింది. ఇల్లు చేరిన కొద్దికాలానికే, 1967 మార్చి 13న, కింగ్‌స్టన్‌లో మరణించాడు. వయస్సు నలుబదిరెండు. లండనులోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఆయన కొరకు స్మారక ఆరాధన జరిగింది. అంతకుముందు ఏ క్రికెట్టు ఆటగానికీ అక్కడ అట్టి గౌరవం జరుగలేదు. ఒకప్పుడు విడిచిపోయిన బార్బడోస్‌లోనే, విశ్వవిద్యాలయపు ఆవరణలోని గుట్టమీద ఆయనను సమాధి చేశారు. వాల్కాట్, వీక్స్ కూడ ఇప్పుడు అక్కడనే విశ్రమిస్తున్నారు.

కలకత్తాలో బెంగాల్ క్రికెట్ సంఘంవారు 1981 నుండి ఫిబ్రవరి 3వ తేదీన ఆయన పేరిట రక్తదాన శిబిరం జరుపుతూ వచ్చారు. ఆయన ఆట చూడనివారు, ఆయన చనిపోయిన తరువాత పుట్టినవారు వరుసలో నిలచి రక్తమిచ్చారు. వేలూరులో కాంట్రాక్టర్ తలలో అమర్చిన రేకును 2022లో బొంబాయిలో తీసివేశారు. అప్పటికి ఆయన వయస్సు ఎనుబదియెనిమిదేండ్లు.